నెత్తుటిలోని సాక్షి

మన పల్లెలయందు ఆయాసమను మాట యొక్కటే. నాలుగడుగులు వేయగనే రొప్పు వచ్చు పెద్దవానికి గుండె బలహీనమైనదో, ఊపిరితిత్తులు చెడినవో ఆ మాట చెప్పదు. వైద్యులు మాత్రము ఈ రెంటిని చాలకాలము వేరువేరు గదులుగా నెంచిరి. ఆ గదుల నడుమ తలుపొకటి గలదని తెలుపుటకు తోడ్పడినది నెత్తుటిలోని యొక మాంసకృత్తు, అనగా ప్రోటీను. దాని చరిత్రమునే నేను చెప్పబూనితిని.

1930వ సంవత్సరమున న్యూయార్కు నగరమందలి రాక్‌ఫెల్లరు వైద్యశాలలో టిల్లెట్టు, ఫ్రాన్సిస్ అను ఇరువురు న్యుమోనియా రోగుల రక్తమును పరీక్షించుచుండిరి. పెన్సిలిను అప్పటికింకను వాడుకలోనికి రాలేదు. వారు ఆ రోగమును గలిగించు సూక్ష్మజీవినుండి చక్కెరజాతి పదార్థ మొకదానిని తీసి, దానికి 'సి' అని పేరిడి, రోగుల రక్తరసముతో గలిపిరి. తేటగానున్న రసము విరిగి మడ్డి యడుగునకు దిగెను. జ్వరము విడిచి రోగి తేరుకొన్న పిమ్మట అతని రసమే విరుగక నిలిచెను. రోగముతో పోరాడు రక్షకపదార్థములు కోలుకొన్న తరువాత హెచ్చుట లోకవాడుక. ఇది దానికి కేవలము విరుద్ధము. 1941లో ఆస్వాల్డ్ ఏవరీ పరిశోధనాలయమున నిది మాంసకృత్తని తేలెను. 'సి-రియాక్టివ్ ప్రోటీన్' అను పేరు నిలిచెను. (వంశలక్షణములను మోయు పదార్థము డి.ఎన్‌.ఏ. యని 1944లో చూపినవారును ఆ ఏవరీ బృందమువారే. అందుకు సాధనమైనదియు నీ న్యుమోనియా సూక్ష్మజీవియే.)

ఈ ప్రోటీనును చేయునది కాలేయము. ఒడలిలో నెచ్చట శోథ, అనగా వాపు, పుట్టినను గొన్ని గంటలలోనే యిది పెరుగనారంభించి వందలరెట్లు కాగలదు. గ్రామములో నెక్కడనో నిప్పంటుకొన్నదని చాటువేయు తలారి వంటిది. ఎవరి యిల్లో చెప్పదు.

ఇక ఊపిరి మాట. 1846లో లండనునందు జాన్ హచిన్‌సన్ అను వైద్యుడు మనుష్యుడొక్కమారు విడువగల గాలిని కొలుచు యంత్రమును గూర్చి ప్రకటించెను. అమెరికాలోని ఫ్రామింగ్‌హాము పట్టణమున 1948లో మొదలై యేండ్ల తరబడి సాగిన పరిశీలనలో, ఈ కొలత తక్కువైనవారికి గుండెజబ్బు లెక్కువగా వచ్చినవని 1983లో వెల్లడియైనది. పొగాకు రెంటిని జెరుచును గనుక నట్లగుచున్నదని కొంద రనవచ్చును. అది కొంతవరకు నిజమే. చుట్టపొగ కెదురుగా గూర్చున్న యవయవము లివి రెండును. కాని కథ యంతటితో ముగియదు.

1982లో అమెరికాలో 22,071 మంది వైద్యులపై నొక పరిశోధన ప్రారంభమయ్యెను. వారిలో ననేకుల నెత్తురును మంచుగడ్డగా దాచిరి. తరువాత గుండెపోటు వచ్చినవారి పాత నెత్తురును దీసి చూడగా, ఆరోగ్యముగా నున్ననాడే యీ ప్రోటీను హెచ్చుగానున్నవారికి, తక్కువగానున్నవారికంటె గుండెపోటు ముప్పు సుమారు మూడురెట్లని 1997లో రిడ్కర్ బృందము ప్రకటించెను. 2003లో సిన్, మాన్ అను వైద్యులు, శ్వాసనాళములు ఇరుకైనవారి నెత్తుటిలోను ఇది హెచ్చుగా నుండుటను జూపిరి. ఊపిరితిత్తులలోని మంట అచ్చటనే యుండక రక్తమున బడి ధమనులను జేరునను తలంపు నాటినుండి బలపడెను.

అట్లయిన నీ ప్రోటీనే నేరస్థుడా? కాదు. పుట్టుకతోనే దీనిని హెచ్చుగా గలవారికి గుండెజబ్బు హెచ్చుగా లేదని 2008లో డెన్మార్కు పరిశోధకులు కనుగొనిరి. చాటువేసిన తలారిని కట్టివేసినచో మంట యారునా? మంటనే చల్లార్చవలెను.

దానికిని ప్రయత్నము జరిగినది. గుండెపోటు వచ్చి యీ ప్రోటీను హెచ్చుగానున్న 10,061 మందికి శోథ నణచు మందు నిచ్చి చూచిన పరిశోధన 2017లో వెలువడెను. కొలెస్టరాలు తగ్గకయే, ఒక మోతాదున గుండెపోటు మొదలగునవి నూటికి పదునైదు పాళ్లు తగ్గెను. ఊపిరితిత్తుల పుట్టకురుపువలని మరణములును దగ్గెను. అయితే సూక్ష్మజీవులవలని ప్రాణాంతక రోగములు హెచ్చెను. ఏలయన శోథ యింటిని గాల్చు నిప్పేగాక, ఇంటిని గాచు కావలియు నగును.