ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్: లైసెన్స్ ఫ్రీ అయినా లక్షల్లో బిల్లు ఎందుకు? ఖర్చు, టైమ్ ఎక్కడ తగ్గించుకోవచ్చంటే..

కొనుగోళ్లు, గోడౌన్‌లో స్టాక్, బిల్లింగ్, అకౌంట్స్, జీతాలు.. ఇవన్నీ ఒకే చోట కనిపించేలా చేసేదే ఈఆర్‌పీ, అంటే ఎంటర్‌ప్రైజ్ రిసోర్స్ ప్లానింగ్ సాఫ్ట్‌వేర్. జర్మనీకి చెందిన ఎస్‌ఏపీ, అమెరికాకు చెందిన ఒరాకిల్ ఈ రంగంలో పెద్దన్నలు. చిన్న సంస్థల కోసం బెల్జియం కంపెనీ ఓడూ, ముంబైలో పుట్టిన ఈఆర్‌పీనెక్స్ట్ లాంటివి ఉన్నాయి. ఈఆర్‌పీనెక్స్ట్ అయితే ఓపెన్ సోర్స్.. లైసెన్స్‌కు రూపాయి కట్టక్కర్లేదు. మరి బిల్లు ఎక్కడ పెరుగుతోంది? దాన్ని మన వ్యాపారానికి అమర్చడంలో.

50 కోట్ల యూరోలు పోయాయ్!

జర్మనీ సూపర్ మార్కెట్ సంస్థ లిడ్ల్ 2011లో ఎస్‌ఏపీకి మారే పని మొదలుపెట్టింది. ఏడేళ్ల తర్వాత, 2018లో మొత్తం పక్కన పెట్టేసింది. అప్పటికే దాదాపు 50 కోట్ల యూరోలు ఖర్చయ్యాయని అక్కడి మీడియా రాసింది. ఎక్కడ తేడా కొట్టిందంటే.. లిడ్ల్ స్టాక్ విలువను కొన్న ధరతో లెక్కేస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నది అమ్మే ధర లెక్క. కంపెనీ తన పద్ధతి మార్చుకోలేదు, సాఫ్ట్‌వేర్‌నే మార్పించింది. ఇలా ఒక చోట మారిస్తే దానికి లింకున్న పది చోట్ల మార్చాలి, టెస్ట్ చేయాలి. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా మళ్లీ మొదటికి.

బ్రిటన్‌లో బర్మింగ్‌హామ్ సిటీ కౌన్సిల్‌దీ దాదాపు ఇదే కథ. 2022లో ఒరాకిల్‌కు మారింది. సొంత మార్పులు ఎక్కువై లెక్కలే తేలలేదు. మొదట 1.9 కోట్ల పౌండ్లు అనుకున్న ఖర్చు 10 కోట్ల పౌండ్లకు చేరొచ్చని 2023లో అంచనా వేశారు. చివరికి పెద్దగా మార్పులు చేయని ఒరాకిల్‌నే మళ్లీ అమర్చుకోవాలని నిర్ణయించారు.

అందుకే కన్సల్టెంట్ "మీకెలా కావాలంటే అలా చేసిస్తాం సార్" అనగానే సంబరపడకండి. మీటర్ తిరగడం మొదలయ్యేది అక్కడే! జీఎస్టీ ఇన్వాయిస్, పర్చేజ్ ఆర్డర్, జీతాల స్లిప్పుల్లో మీకూ పక్క కంపెనీకీ పెద్ద తేడా ఉండదు. రెడీమేడ్‌గా ఉన్నదే వాడేయొచ్చు. విత్తనాల కంపెనీకి ప్రతి లాట్‌కూ మొలక శాతం రికార్డు కావాలి.. అలాంటి ప్రత్యేకమైన పనికి మాత్రమే మార్పులు చేయించుకుంటే చాలు.

అసలు టైమ్ తినేది డేటా

దీని గురించి ముందుగా ఎవరూ పెద్దగా మాట్లాడరు. పైపుల షాపునే తీసుకోండి. ఒకే పైపు టాలీలో 'జీఐ పైప్ 1 ఇంచ్' అని, ఎక్సెల్‌లో '1 ఇంచి జీఐ' అని, గోడౌన్ పుస్తకంలో 'అంగుళం పైపు' అని ఉంటుంది. అలాగే ఎక్కిస్తే కొత్త సిస్టమ్‌లో స్టాక్ మూడు ముక్కలవుతుంది. ఈ శుభ్రం చేసే పని కన్సల్టెంట్ వచ్చాక మొదలుపెడితే రోజుకింత అని ఫీజు పడుతుంది. మీ గోడౌన్ కుర్రాడికి ఏ పైపు ఏదో బాగా తెలుసు, అతన్నే ముందు కూర్చోబెట్టండి.

పదేళ్ల పాత బిల్లులన్నీ ఎక్కించక్కర్లేదు. ఓపెనింగ్ స్టాక్, రావాల్సిన బాకీలు, ఇవ్వాల్సిన బాకీలు చాలు. పాత టాలీ డేటాను మాత్రం తీసేయొద్దు. జీఎస్టీ రికార్డులు వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాల్సిందే.

టెస్టింగ్‌లో కోత పెడితే?

అమెరికా చాక్లెట్ కంపెనీ హెర్షీ 48 నెలలు పడుతుందన్న ప్రాజెక్టును 30 నెలలకు కుదించింది. 1999 జులైలో, సరిగ్గా హాలోవీన్ ఆర్డర్లు వచ్చే టైమ్‌లో కొత్త సిస్టమ్ ఆన్ చేసింది. గోడౌన్‌లో సరుకున్నా దాదాపు 10 కోట్ల డాలర్ల ఆర్డర్లు పంపలేకపోయింది. మన దగ్గరైతే దసరా, దీపావళి ముందు మారడం లాంటిదన్నమాట. ముందు అకౌంట్స్, స్టాక్.. అవి కుదిరాక మిగతావి.

సంతకం పెట్టే ముందు ఏయే మార్పులు చేస్తారో, కొత్త వెర్షన్ వచ్చినప్పుడు వాటి ఖర్చు ఎవరిదో రాయించుకోండి. లైవ్‌కి వెళ్లే ముందు టెస్ట్ కాపీలో మీ సొంత బిల్లులే ఒక నెలవి వేయించండి. స్టాక్, జీఎస్టీ మొత్తం పాత లెక్కతో పైసాతో సహా కలిశాకే పాత సిస్టమ్ ఆపండి.