ఆలస్యానికి ఖరీదు

కిందటేడాది ఇంగ్లండులో మా చెల్లెలి ఇంట్లో ఉండగా ఒక ఉదయం పోస్టులో ఓ కవరు వచ్చింది. అది విప్పిన మా చెల్లెలి మొహం పాలిపోయింది. లోపల వాళ్ళ కారు ఫోటోలు రెండు. ఒకటి దుకాణాల సముదాయంలోకి వెళ్తున్నప్పటిది, రెండోది బయటికి వస్తున్నప్పటిది. అక్కడ 2 గంటలు కారు ఉచితంగా పెట్టుకోవచ్చు. మేమేమో 2 గంటల 23 నిమిషాలు ఉన్నామట. అందుకు 100 పౌన్లు కట్టాలి. 14 రోజుల్లో కట్టే బుద్ధిమంతులకైతే 60 చాలు.

60 పౌన్లంటే మన డబ్బుల్లో ఆరువేల పైచిలుకు. పైగా ఆ ఆలస్యానికి కారణం నేనే. అమ్మకి స్వెట్టరు ఏ రంగుది కొనాలో ఎంతకీ తేల్చుకోలేకపోయాను.

"కట్టేద్దాం అక్కయ్యా. పరాయి దేశంలో పోలీసులతో మనకెందుకు?" అంది చెల్లెలు.

"ఇందులో పోలీసులెక్కడున్నారు? ఇది ఒక కంపెనీ రాసిన కాగితం" అన్నారు మరిదిగారు.

పోనీ, డబ్బు నేనిస్తానన్నాను. "డబ్బు సంగతి కాదు వదినగారూ! మనం నిజంగా తప్పు చేశామా లేదా అన్నది తేలాలి" అన్నారాయన.

ఆ మాట నన్ను పట్టుకుంది. శిక్ష వేసే అధికారం రాజుకి ఉంటుంది, కోర్టుకి ఉంటుంది. ఒక వ్యాపారి ఇంకొకడికి జరిమానా వేయవచ్చా? ఇది చాలా పాత ప్రశ్నేనని తర్వాత చదువుకుంటూ ఉంటే తెలిసింది.

బి.ఏ.లో 'మర్చెంట్ ఆఫ్ వెనిస్' చదివినవాళ్ళకి ఆంటోనియో పత్రం గుర్తుండే ఉంటుంది. 3 నెలల్లో 3,000 డకట్లు తీర్చకపోతే ఒంట్లోంచి ఒక పౌను మాంసం ఇచ్చుకోవాలి. అది కథే కావచ్చు గాని, ఆ కాలపు ఇంగ్లండులో అలాంటి పత్రాలు మామూలే. వంద అప్పు తీసుకున్నవాడు ఫలానా రోజుకి తీర్చకపోతే రెండు వందలు బాకీ పడ్డట్టు రాసిచ్చేవాడు. ఒక్కరోజు ఆలస్యమైనా అంతే సంగతి. ఇది అన్యాయమని మొదట ఛాన్సరీ కోర్టు అడ్డుపడింది. అసలూ, వడ్డీ, ఖర్చులూ ఇప్పించి మిగతాది కొట్టేయడం మొదలుపెట్టింది. 17వ శతాబ్దం చివరికి తక్కిన కోర్టులూ అదే దారి పట్టాయి.

1914లో టైర్ల కంపెనీ డన్‌లప్ వ్యాజ్యం ప్రభువుల సభ దాకా వెళ్ళింది. తాము చెప్పిన ధరకన్న తక్కువకి అమ్మితే టైరుకి 5 పౌన్లు ఇవ్వాలని ఆ కంపెనీ దుకాణదారుచేత ఒప్పందం రాయించుకుంది. రాసుకున్న మొత్తం నష్టాన్ని ముందుగా నిజాయితీతో వేసిన అంచనా అయితే చెల్లుతుంది, బెదిరించడానికి రాసుకున్నదైతే చెల్లదు అన్నారు న్యాయమూర్తులు. ఆ లెక్కన డన్‌లప్ నెగ్గింది. నూరేళ్ళపాటు అదే కొలబద్ద.

ఇక కార్ల సంగతి. లండన్‌లో మొదటి పార్కింగ్ మీటర్లు వచ్చింది 1958లో. అవి వీధుల్లో పెట్టిన ప్రభుత్వపు మీటర్లు. ప్రైవేటు స్థలాల్లో మరో పద్ధతి నడిచింది. చక్రానికి ఇనపసంకెల తగిలించి, డబ్బు కక్కితేగాని వదిలేవారు కాదు. అది దొంగతనం, బలవంతపు వసూలు అని స్కాట్లండు కోర్టు 1992లోనే తేల్చేసింది. ఇంగ్లండు, వేల్సులు 2012 అక్టోబరు దాకా ఆగి అప్పుడు నిషేధించాయి. ఆ చట్టంలోనే కంపెనీలకి ఓ వరమూ దొరికింది. బండి ఎవరు నడిపారో తెలియకపోయినా, నోటీసు సకాలంలో పద్ధతి ప్రకారం పంపితే, బండి ఎవరి పేర ఉందో వారి దగ్గర వసూలు చేసుకోవచ్చు. సంకెల పోయి కవరు వచ్చిందన్నమాట!

2013 ఏప్రిల్ 15న చెమ్స్‌ఫర్డ్‌లో బారీ బీవిస్ అనే చిప్స్ దుకాణం యజమాని తన కారుని 2 గంటల గడువు దాటి 56 నిమిషాలు ఎక్కువ ఉంచాడు. కంపెనీ 85 పౌన్లు అడిగింది. 'నావల్ల మీకు నష్టం ఏమిటి?' అన్నాడాయన. నిజమే, కంపెనీకి కాణీ నష్టం లేదు. అది తిరిగి స్థలం యజమానులకే వారానికి 1,000 పౌన్లు చెల్లిస్తోంది. డన్‌లప్ కొలబద్ద ప్రకారం బీవిస్ నెగ్గాలి కదా! కాని 2015 నవంబరు 4న సుప్రీంకోర్టు కొలబద్దనే మార్చింది. నష్టమొక్కటే కాదు, సక్రమమైన ప్రయోజనమేదైనా ఉందా అని చూడాలంది. పదిమంది కొనుగోలుదార్లకి చోటు దొరకాలంటే ఒకరే తిష్ఠ వేయకూడదు. బోర్డులు స్పష్టంగా ఉన్నాయి, 85 పౌన్లు మితిమీరిన మొత్తమేమీ కాదు. ఏడుగురిలో ఆరుగురు ఇలా అన్నారు. లార్డ్ టౌల్సన్ ఒక్కరే బీవిస్ పక్షాన నిలబడ్డారు.

నాకు వింతగా తోచిందేమిటంటే, అదే ఇంగ్లీషువారు 1872లో మనకి చేసిపెట్టిన కాంట్రాక్టు చట్టం 74వ సెక్షనులో ఈ గొడవంతా లేదు. జరిమానా అని రాసుకున్నా నష్టపరిహారమని రాసుకున్నా, ఆ మొత్తానికి మించకుండా కోర్టుకి సమంజసమని తోచినదే ఇప్పించాలి. డన్‌లప్ తీర్పుకి 42 ఏళ్ళ ముందు మాట! మొన్న 2018లో తెలంగాణ ప్రభుత్వం మాల్స్‌లో మొదటి అరగంటకి పార్కింగ్ రుసుము అడగకూడదని ఉత్తర్వు ఇచ్చినప్పుడు, ఒక గంటలోపయితే కొన్న బిల్లు చూపించినా చాలంది. ఆ బిల్లు మాటే మా కేసులోనూ అక్కరకొచ్చింది.

ఆ కెమెరాలు కొలిచేది కారు నిలిపి ఉంచిన కాలాన్ని కాదు, లోపలికొచ్చిన క్షణం నించి బయటికెళ్ళిన క్షణం దాకా. ఆ శనివారం బయటికి వచ్చే దారిలో కార్లు బారులు తీరి ఉన్నాయి. మేము గడువు లోపలే బిల్లు చెల్లించి కారెక్కాం. నా చేతిసంచీ అడుగున నలిగిపోయిన స్వెట్టరు రశీదు మీద టైము అచ్చయి ఉంది. మరిదిగారు అది జతచేసి ఒక పేజీ ఉత్తరం రాశారు. కాదంటే డబ్బు ఖర్చు లేకుండా స్వతంత్ర అప్పీలు సంస్థకి వెళ్తామని కూడా రాశారు. మూడు వారాలకి జవాబొచ్చింది. 'ఈ ఒక్కసారికీ రద్దు చేస్తున్నాం' అని.

ఈ ఒక్కసారికీ! ఏదో దయతలచినట్టు. అందుకే న్యాయం గెలిచిందని నేననుకోను. రశీదు గెలిచిందంతే. బీవిస్ తీర్పు తప్పని కూడా అనను. నలుగురూ వాడుకునే చోటుకి ఓ నియమం ఉండాలి. కాని పెద్దక్షరాలూ, ఎర్రగీతలూ చూసి, 14 రోజుల రాయితీకి తొందరపడి, అడగకుండానే కట్టేసేవాళ్ళ మాటేమిటి? ఆ రోజు మరిదిగారు ఊళ్ళో లేకపోతే మా చెల్లెలు కట్టేసేదే. కడితే ఇక అప్పీలంటూ ఉండదు. మొత్తాలకి హద్దు పెడుతూ బ్రిటిషు ప్రభుత్వం 2022 ఫిబ్రవరిలో ఒక నియమావళి ప్రకటించింది. కంపెనీలు కోర్టుకెక్కేసరికి జూన్‌లో వెనక్కి తీసుకుంది. భయపడేవాళ్ళ తరఫున కోర్టుకెక్కేవాళ్ళెవరు?

తిరిగొచ్చాక ఈ కథంతా అమ్మకి చెప్పాను. అంతా విని స్వెట్టరుని అటూ ఇటూ తిప్పి చూసి, "అంతసేపు చూసి ఈ రంగా తెచ్చావూ?" అంది.