మూడు వారాల నిశ్శబ్దం

2011 జూన్ 13. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రం, బెథెస్డా. నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ వారి పరిశోధనాసుపత్రి. న్యూయార్క్ నుంచి 43 ఏళ్ల మహిళను ఐసీయూలోకి తెచ్చారు. ఆమె ఒంట్లో ఏముందో డాక్టర్లకు తెలుసు.

క్లెబ్సియెల్లా అనే బాక్టీరియా. ఏ మందూ పనిచేయనప్పుడు వాడే కార్బపెనమ్ మందుల్ని సైతం ముక్కలు చేసేసే రకం.

విడిగా గది ఇచ్చారు. గౌను, గ్లౌజులు లేకుండా ఎవరూ లోపల అడుగుపెట్టలేదు. జులై 15న ఆమె డిశ్చార్జి అయింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మూడు వారాలు ఏ అలికిడీ లేదు.

ఆగస్టు 5. ల్యాబ్‌లో ఇంకో రోగి కల్చర్ బయటికి తీశారు. ప్లేటు మీద క్లెబ్సియెల్లా! అదే మొండి రకం.

ఎలా వచ్చింది? ఆమె నుంచేనా? బయటి నుంచి కొత్తగా దిగిందా? మామూలు పరీక్షలు తేల్చలేవు. అమెరికాలో ఈ రకం క్రిములు ఆ పరీక్షలకు చాలావరకు ఒకేలా కనబడతాయి. ఈలోగా మూడో మనిషి, నాలుగో మనిషి... దాదాపు వారానికొకరు.

ఇన్ఫెక్షన్ కంట్రోల్ చూసే డాక్టర్ టారా పాల్‌మోర్ బృందం ఇక ఆగలేదు: ఈ క్రిమి సోకినవాళ్ల కోసం ఐసీయూలో అడ్డంగా గోడ కట్టించారు, సింకుల పైపులు పీకించారు, గదులు మూసి హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆవిరి పట్టించారు, ఎవరు చేతులు కడుక్కుంటున్నారో, ఎవరు మరిచిపోతున్నారో చూడటానికి రాత్రింబవళ్లు మనుషుల్ని కాపలా పెట్టారు, జబ్బు లక్షణాలు లేనివాళ్లకూ మలద్వారం నుంచి నమూనాలు తీసి పరీక్షలు చేయించారు. అయినా ఓ సింకు గొట్టంలో క్రిమి. శుభ్రం చేసి పక్కన పెట్టిన వెంటిలేటర్ మీదా అదే!

అదే ప్రాంగణంలో జన్యు పరిశోధకులు జూలీ సెగ్రే, ఎవాన్ స్నిట్‌కిన్ క్రిముల జీనోమ్‌లు చదవడం మొదలుపెట్టారు. ఒక్కో జీనోమ్‌లో 60 లక్షల దాకా డీఎన్‌ఏ అక్షరాలు. తేడాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. కానీ ఆ కాసిని తేడాలే దారి చూపించాయి.

దారి వెనక్కి వెనక్కి నడిచి, జూన్ 13న వచ్చిన ఆ మహిళ మంచం దగ్గర ఆగింది.

ఆమె నుంచి క్రిమి ఒక్కసారి కాదు, మూడు విడివిడి దారుల్లో బయటపడింది. రోగుల్లో అది కనిపించిన వరసా, అంటుకున్న వరసా ఒకటి కావు. జ్వరం లేదు, దగ్గు లేదు. పేగుల్లో నక్కి, ఏమీ తెలియని మనిషి నుంచి ఇంకొకరికి పాకింది. ఆ మూడు వారాల్లో అది ఎక్కడికీ పోలేదు. రోగం ముదిరాక వెతికితే ఆలస్యమే. బాగానే ఉన్నవాళ్లనూ పరీక్షించాకే గొలుసు తెగింది.

ఏడాది చివరికి వ్యాప్తి తగ్గింది. అప్పటికి మొత్తం 18 మందికి సోకింది. 11 మంది చనిపోయారు. వాళ్లలో ఆరుగురి ప్రాణం తీసింది ఈ క్రిమే. అందరూ వేరే జబ్బు నయం చేయించుకుందామని ఆ ఆసుపత్రికి వచ్చినవాళ్లు.