కొండల్లోకి ముందే వచ్చిన కరెంటు తీగ

అరకు, కొరాపుట్ కొండల్లోకి రైలును రప్పించింది బైలదిల్లా గనుల ఇనుపరాయి. యుద్ధం తర్వాత ఉక్కు పరిశ్రమను మళ్లీ నిలబెట్టుకుంటున్న జపాన్‌కు ఖనిజం కావాలి, మనకు విదేశీ మారకం కావాలి. 1960లో దండకారణ్య–బొలంగీర్–కిరిబురు పథకం చేపట్టి తూర్పు కనుమలను తొలిచారు. యాభైకి పైగా సొరంగాలతో కొత్తవలస నుంచి అరకు, కొరాపుట్, జయపురం, జగదల్‌పూర్ మీదుగా కిరండూల్ దాకా పట్టాలు పడ్డాయి. అదే కేకే లైను. 1960ల చివరికల్లా ఖనిజం విశాఖ రేవుకు చేరసాగింది.

మొదట లాగినవి డీజిల్ ఇంజన్లు. గని నుంచి సముద్రానికి అంతా దిగుడే అనుకుంటాం గానీ, జయపురం దాటాక లోడు బండి మల్లిగుడ ఘాటెక్కి కొరాపుట్ చేరాలి. అరకు దగ్గర 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగుడ దాటాకే అసలు దిగుడు. అందుకే 1980ల తొలి ఏళ్లలో ఇక్కడ 25,000 వోల్టుల తీగ లాగారు. హౌరా–మద్రాసు ప్రధాన మార్గంలో విశాఖ–విజయవాడ మధ్య అప్పటికింకా తీగ లేదు! 1980ల చివర్లో స్వీడన్ ఏసియా, జపాన్ హిటాచీ కంపెనీల సుమారు 6,000 హార్స్‌పవర్ ఇంజన్లు ఈ లైనుకు వచ్చాయి. రాయి ఏ దేశానికి పోయిందో, దాన్ని లాగే యంత్రాల్లో కొన్ని కూడా ఆ దేశం నుంచే వచ్చాయి.

ఎక్కడం ఒక ఎత్తు, దిగడం ఒక ఎత్తు. వేల టన్నుల బండిని ఒక్క బ్రేకు దిమ్మల మీదే ఆపుకుంటూ దించితే చక్రాలు విపరీతంగా వేడెక్కిపోతాయి. దిగేటప్పుడు ఇంజను మోటార్లే జనరేటర్లుగా మారి వేగాన్ని పట్టి ఉంచుతాయి. అలా పుట్టిన కరెంటు పాత ఇంజన్లలో రెసిస్టర్లలో వేడిగా మారి వృథా అయ్యేది. నేటి త్రీఫేజ్ ఇంజన్లు దాన్ని తీగకే తిరిగిస్తాయి. ఎదురుగా కొండెక్కే ఖాళీ బండి దాన్ని వాడుకోవచ్చు.

ఇదే కొండల్లోని రాయగడ కథ వేరు. విజయనగరం–రాయపూర్ లైను 1931లోనే పూర్తయింది కాబట్టి తీరానికి దారి ఏనాడో పడింది. 1992 దాకా రాయగడ కొరాపుట్ జిల్లాలోదే. అయినా సొంత జిల్లా కేంద్రానికి రైల్లో పోవాలంటే విజయనగరం మీదుగా కొత్తవలస దాకా దిగి మళ్లీ కొండెక్కాలి. 1998 డిసెంబరు 31న కొరాపుట్–రాయగడ లింకు పూర్తయ్యాకే ఆ చుట్టు తప్పింది. దమన్‌జోడిలోని అల్యూమినియం సంస్థ నాల్కో సరుకుకూ అదే దారయింది. తీగ మాత్రం ఈ లింకు మీదికి చాలా ఏళ్లకు గానీ రాలేదు.

2025 జనవరిలో రాయగడ రైల్వే డివిజన్ భవనానికి శంకుస్థాపన జరిగింది. కేకే లైనులోనూ, కొరాపుట్–రాయగడ లింకులోనూ రెండో లైనుకు ఇప్పటికే మంజూరు వచ్చింది. కొత్త పట్టాలు పడ్డాక గూడ్స్‌తో పాటు పాసింజర్ బండ్లూ పెంచాలి. సంతకో, ఆస్పత్రికో వెళ్లే కొండవాళ్లకు ఆ మాత్రం ఇవ్వడం రైల్వేకు భారం కాదు.