తూము దగ్గరి మనిషి: మన పి.డబ్ల్యు.డి. లష్కరు

ప్రజాపనుల శాఖ చరిత్ర అనగానే మనకు ఇంజనీర్ల పేర్లే స్ఫురిస్తాయి. నిజాంసాగర్ నిర్మించిన నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ జన్మదినమైన జూలై 11ను తెలంగాణలో 2014 నుంచి ఇంజనీర్ల దినంగా జరుపుకుంటున్నాము. సముచితమే. కాని అదే శాఖలో సర్వీసంతా ఒకే చెరువు కట్ట మీద గడిపి, ఏ శిలాఫలకానికీ ఎక్కకుండా వెళ్లిపోయిన ఉద్యోగి ఒకరున్నారు. ఆయనే లష్కరు.

మన ఓరుగల్లు సీమ చెరువుల సీమ. పాకాల, రామప్ప, లక్నవరం, గణపురం అన్నీ కాకతీయుల నాటివే. గణపతిదేవుని కాలంలో (1199–1262) కట్టిన పాకాల నిండితే సుమారు 30 చదరపు కిలోమీటర్లు పరచుకుంటుంది. చెరువు నీటిని పొలాలకు పంచే పని పూర్వం నీరటిది. పాతకాలపు తూములో రాతి స్తంభాల నడుమ బిరడా ఉండేది. నీళ్లలోకి దిగి దాన్ని ఎత్తాలి, దించాలి. ప్రతిఫలం కొంత ఇనాం భూమి, కళ్లంలో రైతులు కొలిచే గింజలు.

నిజాం కాలంలో ప్రజాపనుల శాఖను తామీరాత్ అనేవారు. పెద్ద చెరువులు శాఖ చేతికి వచ్చాక తూము బాధ్యత లష్కరుకు చేరింది. లష్కర్ అంటే ఉర్దూలో సైన్యం. ఒంటి మనిషికి ఆ పేరెవరు పెట్టారో గాని, పని చూస్తే సరిపోయిందనిపిస్తుంది. వానాకాలపు రాత్రి లాంతరు పట్టుకొని కట్టంతా తిరగాలి. ఎండ్రకాయ బొరియల్లో నీరు ఊరుతున్నదేమో చూడాలి. నీటిమట్టం ఎన్ని అడుగులున్నదో సెక్షన్ ఆఫీసుకు తెలపాలి. మత్తడి దూకితే కింది ఊళ్లకు కబురంపాలి.

ఆబీ పంటకు వాన తోడుంటుంది. తగవంతా తాబీకే. ఇన్ని ఎకరాలకే నీరని తైబందీ కాగితం మీద తేలిపోతుంది. అర్ధరాత్రి కాలువ గట్టున పై రైతుకూ చివరి రైతుకూ మధ్య నిలబడి దాన్ని అమలు చేయవలసింది మాత్రం లష్కరే. తిట్లు ఆయనకు, మెప్పు ఆఫీసుకు!

ఇంత చేసినా చాలామందికి సర్వీసు రిజిస్టరే లేదు. వర్క్‌చార్జ్‌డ్ అన్నారు, ఎన్.ఎం.ఆర్. అన్నారు. మస్టర్ రోల్‌లో వేలిముద్రే ఆధారం. పెన్షన్ దయాభిక్ష కాదని నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పిన 1982 డిసెంబర్ 17ను తలచుకొని మనం ఏటా పెన్షనర్ల దినం జరుపుకుంటాము. అసలు పెన్షనే లేని వారికి ఆ తీర్పుతో ఒరిగిందేమిటి? 1994 ఏప్రిల్ 22 నాటి జి.ఓ. 212 కొందరిని గట్టెక్కించింది. 1993 నవంబర్ 25 నాటికి కనీసం 5 ఏళ్లు నిండి, ఇంకా పనిలో ఉన్నవారికే ఆ అవకాశం. అంతకుముందే వయసు మీరి ఇంటికి వెళ్లినవారికి అది అక్కరకు రాలేదు.

ఊరి నీరటి కథ వేరు. 1984లో పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దయినా గ్రామ సేవకుడిగా మిగిలి, తరువాత గ్రామ రెవెన్యూ సహాయకుడయ్యాడు. 2023లో ఆ వ్యవస్థనూ రద్దుచేసి, వారిని నీటిపారుదల సహా పలు శాఖల్లో సర్దాలని తెలంగాణ ప్రభుత్వం నిర్ణయించింది. మిషన్ కాకతీయ కింద చెరువుల పూడికతీత మొదలైంది 2015లో. తూము దగ్గర మనిషి గుర్తుకు రావడానికి మరో ఎనిమిదేళ్లు పట్టింది.

పాకాల, రామప్ప, లక్నవరం, గణపురం చెరువుల మీద పనిచేసిన లష్కర్ల కుటుంబాల వద్ద పాత మస్టర్ రోల్ నకళ్లు, నియామక ఉత్తర్వులు, ఫొటోలు ఏవైనా ఉంటే భద్రపరచి, మన సంఘానికి చూపవలసిందిగా కోరుతున్నాము. కుటుంబ పెన్షన్‌కు అర్హత ఉండీ దరఖాస్తు చేయని వారెవరైనా మీ ఊళ్లో ఉంటే, ముందు వారిని వెంటబెట్టుకొని రండి.