జానపదాన్ని కాపాడిన స్త్రీలు: స్కాట్లండ్, ఆంధ్ర

శాసనాలు ఎక్కువగా రాజుల గురించి, దానాల గురించి చెబుతాయి. కోడలి కష్టం తెలియాలంటే తిరగలి పాట వినాలి. అలాంటి పాటను చరిత్రకు ఆధారంగా నిలబెట్టడంలో స్త్రీల పాత్ర పెద్దది.

స్కాట్లండ్‌లో ఇసబెల్ గ్రాంట్ 1935లో ఐయోనా దీవిలో మ్యూజియం తెరిచి, పల్లె ఇళ్ళ పాత సామాను భద్రపరిచారు. మార్గరెట్ ఫే షా సౌత్ యూయిస్ట్ దీవిలో ఇద్దరు అక్కాచెల్లెళ్ళ ఇంట్లో ఏళ్ళ తరబడి ఉండి గేలిక్ పాటలు సేకరించారు. అవి 1955లో పుస్తకంగా వచ్చాయి.

మన దగ్గర కాకినాడలో 1920లో పుట్టిన వింజమూరి అనసూయాదేవి, చెల్లెలు సీతతో కలిసి పల్లె పాటలను సేకరించి రేడియోకు, కచేరీ వేదికలకు తెచ్చారు. గుంటూరులో 1930లో పుట్టిన నాయని కృష్ణకుమారి తెలుగు జానపద గేయగాథలపై పరిశోధన చేశారు. తర్వాత తెలుగు విశ్వవిద్యాలయం ఉపాధ్యక్షులయ్యారు.

ఈ రెండు దారులూ అవసరమే. వేదికెక్కిన పాట బతుకుతుంది. కానీ పాడిన మనిషి, చేస్తున్న పని దాని నుంచి విడిపోయే ప్రమాదం ఉంది. ఆ లోటును పరిశోధన పూడ్చగలదు.

మెయిన్స్‌లో మౌఖిక ఆధారాల గురించి రాసేటప్పుడు సేకర్త పేరుతో ఆగకండి. ఎవరు పాడారు, ఎప్పుడు, ఏ పనిలో? ఈ మూడూ అడిగితేనే పాట చరిత్రకు సాక్ష్యమవుతుంది.