తుపాకి గొట్టంలో సందు

కిందటేడు మా కాలేజీలో 1857 మీద విద్యార్థులకు వ్యాసరచన పోటీ పెట్టారు. కాగితాలు దిద్దే పని తెలుగు పంతుళ్ళ మీద పడింది. నా వంతుకు ముప్ఫై కాగితాలు వస్తే, యిరవై అయిదింటిలో దాదాపు ఒకే మాట: ఆవుకొవ్వు, పందికొవ్వు పూసిన తూటాలు కొరకమన్నందుకు సిపాయిలు తిరగబడ్డారని. మిగిలిన అయిదుగురూ కాస్త చదువుకున్నవాళ్ళు. కొవ్వు సంగతి వట్టి మూఢవిశ్వాసమనీ, అసలు కారణాలు ఆర్థికమైనవనీ రాశారు. అది మన వైపు జవాబు కనుక వాళ్ళకు మార్కులు యెక్కువ వేశాను. వేసిన తర్వాత మనసు వొప్పలేదు. ఆ కొవ్వు అసలు తూటా మీదికి యెందుకు వచ్చిందని ముప్ఫైమందిలో ఒక్కరూ అడగలేదు. నేను మాత్రం అంతకు ముందు అడిగానా?

భౌతికవాదులమని చెప్పుకునే మనం వస్తువును చేతిలోకి తీసుకొని చూడడానికి బద్ధకిస్తాం. ఎంగెల్స్‌కు ఆ బద్ధకం లేదు. 1860-61లో లాంకషైర్, చెషైర్ వాలంటీర్ల పత్రికకు ఆయన రైఫిల్ చరిత్ర మీద వరుసగా వ్యాసాలు రాశాడు. గుండు యెంత లావుండాలి, గొట్టంలో యెలా బిగియాలి అన్న విషయాలను చాలా శ్రద్ధగా చర్చించాడు. ఆ వ్యాసాలు చదివాకే నాకు యీ కొవ్వు వెనక వున్న లెక్క అర్థమయింది.

తెలంగాణ సాయుధ పోరాటపు జ్ఞాపకాలు చదివినవారికి భర్మార్ తుపాకి పేరు తెలుసు. మందూ గుండూ మూతిలోంచి పోసి, కడ్డీతో దట్టించి పేల్చేది. పందొమ్మిదో శతాబ్దం మధ్య వరకు ప్రపంచంలోని సైన్యాలన్నీ దాదాపు అలాంటి తుపాకులతోనే పోరాడాయి. ఇంగ్లీషు సైన్యపు పాత మస్కెట్టుకు గొట్టం లోవ్యాసం సుమారు 0.75 అంగుళం, అందులో వేసే సీసపు గుండు సుమారు 0.69. అంటే అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అరవై భాగాల సందు. యింత సందు యెందుకు వదిలారు? గొట్టాలు చేతిపనితో తయారయ్యేవి, ఏ రెండూ సరిగ్గా ఒక్క కొలతకు రావు. సైన్యం మొత్తానికి గుండు ఒక్కటే కావాలంటే అది అన్నిటిలోకీ యిరుకైన గొట్టంలో కూడా దిగాలి. పైగా నల్లమందు కాలితే గొట్టం నిండా మసి పేరుకుంటుంది. పది గుళ్ళు పేల్చేసరికి గొట్టం యిరుకవుతుంది. సందు వుంటే గుండు జారిపోతుంది, సిపాయి చకచకా పేలుస్తాడు. కాని ఆ గుండు గొట్టంలో అటూ యిటూ కొట్టుకుంటూ బయటపడుతుంది. నూరు గజాలు దాటితే అది యెవరికి తగులుతుందో దేవుడికే తెలియాలి.

గొట్టం లోపల మెలికలుగా గాడులు తీస్తే గుండు బొంగరంలా తిరుగుతూ సూటిగా పోతుందని వేటగాళ్ళకు చాలాకాలంగా తెలుసు. అయితే గుండు గాడులను పట్టుకోవాలి, అంటే సందు వుండకూడదు. అమెరికాలో వేటగాడు తన రైఫిల్‌తోపాటు దాని కొలతకే చేసిన గుండు అచ్చు కొనుక్కునేవాడు, జిడ్డు రాసిన గుడ్డముక్కలో గుండును చుట్టి దట్టించేవాడు. ఒక మనిషికి, ఒక తుపాకికి అది బాగానే సరిపోయింది. సైన్యానికి సరిపోలేదు. 1800లో ఇంగ్లండు తెచ్చిన బేకర్ రైఫిల్‌తో పాటు గుండును లోపలికి కొట్టడానికి మొదట్లో చెక్క సుత్తులు కూడా యిచ్చారంటే తంటా అర్థమవుతుంది. శత్రువు మీద పడుతుంటే సుత్తి కోసం వెతికే సైనికుణ్ణి వూహించండి!

కావలసింది దిగేటప్పుడు సన్నంగాను, పేలేటప్పుడు లావుగాను వుండే గుండు. యీ ఆలోచన యెవరికి తట్టిందన్నది నాకు చాలా యిష్టమైన ఘట్టం. 34వ పటాలానికి చెందిన కెప్టెన్ నార్టన్ దక్షిణ భారతదేశంలో వున్నప్పుడు, యిక్కడి వేటగాళ్ళు నోటితో వూదే గొట్టాలను చూశాడట. వాటిలోని బాణం మొదట తామరతూడు బెండు వుండేది; వూదినప్పుడు అది వుబ్బి గొట్టాన్ని మూసేది. దాన్ని చూసే అతను అడుగున బోలుగా వున్న గుండును రూపొందించాడని ఆయుధ చరిత్రకారులు చెబుతారు. ఇంగ్లండు ప్రభుత్వం దాన్ని తోసిపుచ్చింది. 1830లలో గ్రీనర్ చూపిన వుబ్బే గుండునూ కాదంది. 1849లో మినియే అనే ఫ్రెంచి కెప్టెన్ అదే పద్ధతితో గుండు చేస్తే అతనికి 20,000 పౌండ్లు చెల్లించింది. గ్రీనర్ గోలపెట్టగా 1857లో 1,000 పౌండ్లు విదిల్చింది. తామరతూడు బెండు వాడిన వేటగాడి లెక్క మాత్రం ఏ ఖాతాలోనూ లేదు.

ఆ తర్వాతిది 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్. 39 అంగుళాల గొట్టం, మూడు గాడులు, లోవ్యాసం 0.577. అమెరికా నుంచి తెచ్చిన యంత్రాలతో ఎన్‌ఫీల్డ్ కర్మాగారంలో ఒక తుపాకి భాగం మరో తుపాకికి అతికేలా తయారుచేయసాగారు. గొట్టాల మధ్య తేడా తగ్గింది కనుక గుండును లావు చేసే ధైర్యం వచ్చింది: 0.568. అరవై భాగాల సందు తొమ్మిదికి దిగింది. ఆ తొమ్మిదిలోనే తూటా కాగితం కూడా దూరాలి. ఎందుకంటే యీ తూటాలో కాగితం వట్టి పొట్లం కాదు. సిపాయి మందు వైపు కొసను పంటితో చింపి మందు పోసి, తూటాను తిరగేసి, గుండును కాగితంతో సహా గొట్టంలో పెట్టి, మిగిలిన కాగితం తుంచేసి దట్టిస్తాడు. అంత బిగువులో, మసిలో, కాగితం చుట్టిన గుండు దిగాలంటే జిడ్డు తప్పదు. కొవ్వు, తేనెమైనం కలిపి గుండు వున్న కొసకు పూశారు. సిపాయి కొరికే కొస వేరు, కొవ్వు పూసిన కొస వేరు. కంపెనీ అధికారులకు యిది గొప్ప సమాధానంగా కనిపించి వుండవచ్చు. మన యెండలో కొవ్వు తను వున్నచోటనే వుంటుందా?

ఆ కొవ్వు దేనిదని ఆయుధాగారంలో యెవరూ పట్టించుకోలేదు. 1853లో యీ తూటాలను వాతావరణ పరీక్షకు మనదేశం పంపినప్పుడే బెంగాల్ సైన్యపు అడ్జుటెంట్ జనరల్ కర్నల్ టక్కర్ హెచ్చరించాడు, సిపాయిల కుల మతాలకు అభ్యంతరమైన జిడ్డు వాడవద్దని. ఆ హెచ్చరిక ఫైళ్ళలో పడివుంది. 1857 జనవరిలో డమ్‌డమ్‌లో ఒక ఖలాసీ బ్రాహ్మణ సిపాయిని చెంబుతో నీళ్ళడిగాడు. సిపాయి కులం చూసి యివ్వనన్నాడు. కొద్దిరోజుల్లో ఆవుకొవ్వూ పందికొవ్వూ కొరుకుతావు, అప్పుడు నీ కులం యేమవుతుందో చూస్తానన్నాడు ఖలాసీ. యీ కథను మనవాళ్ళు సిపాయి వైపునుంచే చెబుతారు. నేను ఖలాసీ వైపునుంచి చెప్పదలిచాను. తూటాల సంగతి తెలిసినవాడు అతనే. ఆయుధాగారంలో చాకిరీ చేసేవాడికి తెలియక యెవరికి తెలుస్తుంది? దాహానికి నీళ్ళు దొరకని మనిషి నోటినుంచే ఆ వార్త బయటికి వచ్చింది.

ఆ నెలాఖరుకే కంపెనీ దిగివచ్చింది: జిడ్డు లేని తూటాలు యిస్తాం, మీకు యిష్టమైనదే పూసుకోండి. మార్చిలో కొరకనక్కరలేదు, చేత్తో చింపవచ్చునన్నారు. అంటే మొదటే చేయగలిగిన పనే! కాని అప్పటికి అనుమానం కొవ్వును దాటి కాగితం నునుపు దాకా పోయింది. ఫిబ్రవరి 26న బెంగాల్‌లోని బెర్హంపూర్‌లో 19వ పటాలం కాదన్నవి పాత మస్కెట్టు తూటాలు. ఏప్రిల్ 24న మీరట్‌లో 90 మందిలో 85 మంది ముట్టనన్నవీ పాతరకమే. అవధ్ ఆక్రమణ, సముద్రం దాటి పోవాలన్న 1856 చట్టం, భత్యాల కోత, శిస్తు భారం — యివన్నీ ఆ కాగితంలో చుట్టుకొని వున్నాయి. కాబట్టి ఆ అయిదుగురు విద్యార్థులు తప్పేమీ రాయలేదు. కాని సిపాయి భయాన్ని మూఢత్వమని కొట్టిపారేయడం మాత్రం దొరల మాటే. యెవరినీ అడగకుండా తన నోటిదాకా యేదయినా తేగల ప్రభుత్వాన్ని అతను సరిగానే గుర్తించాడు.

తర్వాతి సంగతి మన పుస్తకాల్లో ఎక్కువగా కనిపించదు. తిరుగుబాటును అణిచే యుద్ధాలలో, యెండలో కొవ్వు కరిగిపోయి, మసి గట్టిపడి, తెల్ల సైనికుల రైఫిళ్ళలోనే ఆ 0.568 గుండు దిగక మొరాయించింది. 1859లో గుండును 0.55కు తగ్గించారు. సందు తొమ్మిది భాగాల నుంచి యిరవై యేడుకు, అంటే మూడింతలకు పెరిగింది. అడుగున బోలులో వున్న బిరడా గుండును వుబ్బించే పని చూసుకుంది. జిడ్డులో కొవ్వు తగ్గించి తేనెమైనం పాలు పెంచారు. సిపాయి ప్రాణాలు పణంపెట్టి అడిగినదానిలో సగం, దొర చేతులు నొప్పిపుట్టాక అమలయింది.

అయితే ఆ మార్పు సిపాయి కోసం కాదు. అతనికి మరో కొలత సిద్ధం చేశారు. పైకి అచ్చంగా ఎన్‌ఫీల్డ్‌లాగే కనిపించే 1858 నమూనా మస్కెట్టు తయారయింది. కట్టె అదే, తీరు అదే. లోపల మాత్రం గాడులు లేవు. గొట్టం నున్నగా, 0.656 అంగుళానికి తొలిచి వుంది. తెల్లవాడి రైఫిల్ వందల గజాల దూరం సూటిగా కొడుతుంది. దాని పక్కనే కవాతు చేసే నల్లవాడి తుపాకి పాత మస్కెట్టంత దూరం కొడుతుంది. రెండింటికీ తేడా అంగుళంలో దాదాపు ఎనభై వెయ్యోవంతులు, మూడు గాడులు. కవాతు మైదానంలో బయటినుంచి చూసేవాడికి కనిపించదు. మూతిలో వేలుపెట్టి చూసినవాడికి తెలుస్తుంది.